ఫోటోలో పిట్ట ఉంది, కుంట ఉంది – మనమెక్కడ?

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున మేము ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకొని అడవి అంచున ఉన్న కుంటకు పోయాము. పాఠంలో పక్షుల వలస గురించి ఉంది. పుస్తకంలో బొమ్మ చూపించే బదులు కుంటనే చూపిద్దామని మా ఆలోచన. మేము పోయేసరికి పట్నం నుంచి వచ్చిన నలుగురు అక్కడ కూర్చొని ఉన్నారు. మూరెడు పొడవు లెన్సులు, మూడు కాళ్ళ స్టాండ్లు, ఆకుల రంగు బట్టలు. వాళ్ళు ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, పిల్లలతో మంచిగానే మాట్లాడారు. మా పిల్లల్లో ఒకడు తుంగ చాటున దాగిన చిలువ బాతుల గుంపును ముందుగా పసిగట్టి వాళ్ళకు చూపించాడు. వాళ్ళు సంబరపడి కెమెరాలు అటు తిప్పారు. కొద్దిసేపటికి ఒకాయన, "తమ్మీ, జర పక్కకు జరుగు, ఫ్రేముల పడుతున్నవ్" అన్నాడు. వాడు జరిగాడు.

తిరిగి వస్తుంటే వాడు మమ్మల్ని అడిగాడు: "సార్, బాతులను చూపించింది నేనే గదా. నేనుంటే ఫోటో ఎందుకు ఖరాబైతది?"

ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాము. వెలుతురు, నేపథ్యం అని ఏదో చెప్పి దాటవేశాము. తర్వాత ఆలోచిస్తే, అది ఫోటో తీసే పద్ధతి గురించిన ప్రశ్న కాదనిపించింది. అడవి ఎవరిది, దాన్ని చూసే హక్కు ఎవరిది, చూసిన దాన్ని నలుగురికి చెప్పే హక్కు ఎవరిది అనే ప్రశ్న అది. ఈ వ్యాసంలో ఆ ప్రశ్న చుట్టూ మా ఆలోచనలు రాస్తున్నాము. మేము ఫోటోగ్రాఫర్లం కాము. బడిలో చదువు చెప్పేవాళ్ళం. కథను ఎట్లా చదవాలో పిల్లలకు నేర్పినట్టే బొమ్మను ఎట్లా చదవాలో కూడా నేర్పాలనే ఆశతోనే ఈ పనికి పూనుకున్నాము.

బొమ్మను కూడా చదవాలి

కథ చదివితే మనం అడుగుతాం: ఎవరు చెబుతున్నారు? ఎవరికి చెబుతున్నారు? చెప్పకుండా వదిలేసింది ఏమిటి? ఫోటో చూస్తే మాత్రం ఈ ప్రశ్నలు మరిచిపోతాం. కెమెరా ఉన్నదున్నట్టు చూపిస్తుందని నమ్ముతాం. కానీ ఫోటో వెనుక కూడా ఒక మనిషి ఉన్నాడు. ఎక్కడ నిలబడాలో, దేన్ని లోపల ఉంచాలో, దేన్ని బయట పెట్టాలో, ఏ క్షణాన మీట నొక్కాలో అతనే తేల్చుకుంటాడు. అంటే ఫోటో కూడా ఒక మాటే. మాట అన్నప్పుడు దానికి విమర్శ ఉండాలి.

మన ప్రాంతపు పక్షుల ఫోటోలు ఇప్పుడు క్యాలెండర్ల మీద, అడవి రోడ్ల పక్కన బోర్డుల మీద, పత్రికల ఆదివారం పేజీల్లో కనిపిస్తున్నాయి. వాటిని వరుసగా పెట్టి చూడండి. దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. నడుమ పిట్ట. ఈక ఈకా లెక్కబెట్టేంత స్పష్టంగా ఉంటుంది. కంట్లో మెరుపు కూడా కనబడుతుంది. వెనుక మాత్రం పచ్చటి మసక. పొడవు లెన్సు స్వభావమే అది. దూరపు పిట్టను దగ్గరికి లాగుతుంది, దాని వెనుక ఉన్న లోకాన్నంతా కరిగించి రంగుగా మారుస్తుంది. చూడటానికి అందంగానే ఉంటుంది. కానీ ఆ మసకలో ఏముందో మాకు తెలుసు. ఒకరి వరి మడి ఉంది. నీళ్ళలో దిగిన బర్రెలు ఉన్నాయి. వల విసిరే మనిషి, బట్టలుతికే అక్క ఉన్నారు. లెన్సు వాళ్ళను చెరిపేయలేదు. వాళ్ళను రంగుగా మార్చింది.

ఫోటో కింద రాసే రెండు వరుసలు కూడా చదవండి. పిట్టకు ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం ఉంటాయి. కెమెరా పేరు, తీసినవారి పేరు ఉంటాయి. చోటు దగ్గర "కవ్వాల్" అనో "ఆదిలాబాద్ అడవులు" అనో ఉంటుంది. ఊరి పేరు ఉండదు. కుంట పేరు ఉండదు. ఆ పిట్టను మన భాషలో ఏమంటారో ఉండదు. గోండిలో పిట్టను పిట్టె అంటాం, నెమలిని మల్ అంటాం, కోడిని కొర్ అంటాం. దండారి పండుగలో గుసాడీలు తల మీద పెట్టుకునే నెమలి ఈకల కిరీటం పేరులోనే మల్ ఉంది. మార్లవాయికి చెందిన గుసాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ కిరీటాన్ని దేశమంతా చూసింది. ఇన్ని పేర్లు, ఇంత వాడుక ఉన్న చోట పిట్ట పేరు లేనిదానిలా, ఇప్పుడే ఎవరో కనుగొన్నదానిలా ఫోటోలో కూర్చుంటుంది.

చూపించిన చెయ్యి

ఇది మన దగ్గర మొదలైంది కాదు. ఇంగ్లండులో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1892లో గూటిలో గుడ్లున్న ఒక పిట్టగూడును ఫోటో తీశారు. పక్షుల ఫోటోగ్రఫీ చరిత్ర చెప్పేవాళ్ళు దీన్ని తొలి మెట్లలో ఒకటిగా లెక్కిస్తారు. పిట్టలు బెదరకుండా ఉండటానికి వాళ్ళు ఎద్దు తోలుతో బోలు ఎద్దును తయారు చేసి, దాని కడుపులో కెమెరా పెట్టుకొని దాక్కున్నారు కూడా. మా పిల్లలకు ఈ సంగతి చెబితే నవ్వారు. కొమ్మలు అడ్డం పెట్టుకొని గంటల తరబడి కదలకుండా కూర్చోవడం మన తాతలకు తెలియని విద్య కాదు. వాళ్ళు అప్పుడు కూర్చున్నది వేటకు. విద్య ఒకటే, చివర చేతికి వచ్చేది వేరు.

సలీం అలీ 1931–32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. మన ఆదిలాబాద్ అప్పుడు ఆ సంస్థానంలో భాగమే. పక్షుల గురించి మనకున్న లిఖిత జ్ఞానంలో చాలా భాగం అటువంటి సర్వేల నుంచే వచ్చింది. ఆ కృషిని తక్కువ చేయడానికి మేము ఈ మాట చెప్పడం లేదు. కానీ అడవిలో సర్వే ఎట్లా సాగుతుందో ఒకసారి ఊహించండి. దారి చూపేవాడు ఒకడు కావాలి. ఏ చెట్టు మీద ఏది గూడు కడుతుందో తెలిసినవాడు కావాలి. అతని జ్ఞానం పుస్తకంలోకి పోతుంది, పేరు మాత్రం బయటే ఉండిపోతుంది.

కలివికోడి కథ దీనికి మంచి ఉదాహరణ. జెర్డన్ అనే ఆంగ్లేయుడు 1848లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది. దొరికింది ఎవరికి? రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టుకొచ్చింది ఒక స్థానిక వేటగాడు. కలివి పొదల్లో తిరిగే కోడి కాబట్టి అక్కడి జనం దాన్ని కలివికోడి అన్నారు. ఎనభై ఏళ్ళకు పైగా శాస్త్రం లెక్కలో లేని పిట్ట ఆ ఊళ్ళ నోళ్ళలో పేరుతో సహా బతికే ఉంది. పట్టిన పిట్ట బతకలేదు, అది కూడా ఈ కథలో భాగమే. చూపించిన చెయ్యికి గౌరవం ఎంత ముఖ్యమో, చూడాలనే ఆత్రంలో పిట్ట ప్రాణం మీదికి తేకపోవడం కూడా అంతే ముఖ్యమని ఈ ఒక్క కథ రెండు పాఠాలు చెబుతుంది.

మనిషి తవ్విన నీళ్ళు

నీటి పక్షుల ఫోటోలను "మనిషి అడుగు పడని ప్రకృతి" అని మెచ్చుకునేవాళ్ళున్నారు. మన ఉత్తర తెలంగాణలో ఈ మాట నిలవదు. కరీంనగర్ పక్కన నీటికాకులు, కొంగలు గుంపులుగా దిగే దిగువ మానేరు జలాశయం మనుషులు కట్టిన ఆనకట్ట. కవ్వాల్ అంచున కడెం జలాశయమూ అంతే. మైదానంలోని పెద్ద చెరువుల్లో ఎన్నో కాకతీయుల నాటివి. కట్ట పోసిందెవరు? తూము పెట్టిందెవరు? పూడిక తీసిందెవరు? మనుషులే. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే బాతులు దిగేది ఈ చేతులు నిలబెట్టిన నీళ్ళలోనే.

నత్తగుల్ల కొంగను చూడండి. పెద్ద కొంగ ముక్కు మూసినా నడుమ సందు మిగులుతుంది. నీళ్ళలోని నత్తగుల్లలను పట్టి తినడానికి ఆ ముక్కు అనువుగా ఉంటుంది. క్యాలెండర్ ఫోటోలో ఆ సందు ఎంత చక్కగా కనబడుతుందో! కానీ నత్తగుల్లలు ఎక్కడున్నాయి? వరి మడిలో, చెరువు ఒడ్డున. ఆ మడిలో ఏ మందు చల్లుతున్నారు, చెరువులో నీళ్ళు ఎన్ని నెలలుంటున్నాయి అన్నదాని మీద ఆ కొంగ బతుకు ఆధారపడి ఉంది. అంటే కొంగ కథలో రైతు ఉన్నాడు. రైతును తీసేసి కొంగను మాత్రం చూపిస్తే అందం మిగులుతుంది గానీ కారణం మిగలదు. కారణం తెలియని ప్రేమ పిట్టకు ఎంతవరకు పనికొస్తుంది?

ఊరు, పిట్ట కలిసి బతికిన చోట్లు తెలుగు నేల మీద లేవా? శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీద గూళ్ళు కడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడి జనం నమ్మకం. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షులు చేరేది ఊరి చెరువు దగ్గరే. అక్కడ మనిషిని ఫ్రేములోంచి జరగమంటే ఊరంతా జరగాలి.

తీతువు గుడ్లు

ఫోటోల వల్ల పిట్టలకు హాని జరగదా అని పిల్లలు అడుగుతారు. జరుగుతుంది, ఎట్లా జరుగుతుందో చెప్పాలి. తీతువు పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది. గూడంటూ ఏమీ ఉండదు, రాళ్ళ నడుమ చిన్న గుంట. సాధారణంగా నాలుగు గుడ్లు. రాళ్ళ రంగులోనే ఉంటాయి. ఎండాకాలం ఆ నేల పెనంలా కాలుతుంది. తల్లి, తండ్రి పక్షులు నీళ్ళకు పోయి కడుపు కింది ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. అట్లా గుడ్లను చల్లబరుస్తాయి. ఇప్పుడు ఒక ఫోటోగ్రాఫర్ మంచి బొమ్మ కోసం గూడు దగ్గర అరగంట నిలబడ్డాడనుకోండి. పిట్ట గూటికి రాదు. చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. ఆ అరగంటలో గుడ్లు ఎండకు ఏమవుతాయో ఊహించడం కష్టం కాదు. ఫోటోలో మాత్రం రెక్కలు విప్పి నోరు తెరిచిన పిట్ట చాలా ఉత్సాహంగా కనిపిస్తుంది. చూసేవాళ్ళు "ఎంత బాగుంది" అంటారు. అది పాట కాదు, "పో, పో" అనే మొర. తీతువు కూత కీడు అని మన దగ్గర అంటారు. ఆ సమయంలో కీడు ఎవరికి, ఎవరి వల్ల అని మాత్రం అడగరు.

గూటికి అడ్డమున్న కొమ్మలు విరవడం, ఫోనులో పిట్ట కూత వినిపించి దాన్ని బయటికి రప్పించడం, గుంపు ఒక్కసారి లేస్తే బాగుంటుందని రాయి వేయడం కూడా ఇదే కోవకు వస్తాయి. పద్ధతి తెలిసిన ఫోటోగ్రాఫర్లు ఇవి చేయరు. గూటి ఫోటోలే తీయనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళను మేము గౌరవిస్తాము. కానీ చూసే మనకు కూడా తేడా తెలియాలి. పిట్ట భంగిమను చదవడం వస్తే ఏ ఫోటో ఓపికతో తీసిందో, ఏ ఫోటో బెదిరించి తీసిందో తెలిసిపోతుంది.

దసరాకు పాలపిట్టను చూడటం కూడా ఈ లెక్కలోనిదే. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పక్షి అయింది. పండుగ నాడు పొలం మీదుగా ఎగిరే పాలపిట్టను చూసి దండం పెట్టడం మంచి ఆచారం. దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపించడం ఏ ఆచారం? పంజరం పిట్టతో సెల్ఫీ దిగడమూ ఫోటోగ్రఫీయే. ఆ తప్పు పట్నంవాళ్ళది మాత్రమే కాదు.

ఖాళీ అడవి బొమ్మ

ఇక అసలు సంగతికి వద్దాం. కవ్వాల్ 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల అభయారణ్యం అయింది. కోర్ ప్రాంతం దాదాపు 892 చదరపు కిలోమీటర్లు. ఆ కోర్‌లో ఉన్న రాంపూర్, మైసంపేట గూడేల వాళ్ళను ఈ మధ్యనే బయటికి తరలించి వేరే చోట ఇళ్ళు కట్టించారు. 2025 మే నెలలో ప్రభుత్వం కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా అడవులను పులుల రాకపోకల కోసం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. ఆదివాసులు ఆందోళన చేశారు. జూలైలో ఆ జీవోను నిలిపివేశారు.

ఈ నిర్ణయాలు ఫోటోల వల్ల వచ్చాయని మేము అనడం లేదు. అట్లా అంటే అబద్ధమవుతుంది. నిర్ణయాలకు చట్టాలున్నాయి, కార్యాలయాలున్నాయి. కానీ పట్నంలో కూర్చున్న ఒక మనిషి ఈ వార్తలు చదివినప్పుడు అతని మనసులో ఉండే అడవి బొమ్మ ఏది? ఏళ్ళ తరబడి చూసిన క్యాలెండరే. అందులో పులి ఉంది, నెమలి ఉంది, కుంట ఉంది, మనిషి లేడు. ఆ బొమ్మకు అలవాటు పడిన కంటికి అడవిలో గూడెం కనబడితే అది తప్పుగా తోస్తుంది. "వీళ్ళు ఇక్కడెందుకున్నారు?" అనిపిస్తుంది. మా పిల్లవాడిని "జర పక్కకు జరుగు" అన్న మాట, గూడేన్ని "జర పక్కకు జరుగు" అన్న మాట ఒకటి కావు. కానీ రెండూ ఒకే చూపు నుంచి వస్తాయి.

చట్టం ఆ చూపు కంటే మెరుగ్గా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ పులుల ఆవాసాన్ని భంగం లేకుండా ఉంచాలంటుంది. షెడ్యూల్డ్ తెగల, ఇతర అటవీ నివాసుల హక్కులకు నష్టం కలగకుండా ఆ పని చేయాలని కూడా అదే చోట అంటుంది. తరలింపు ఇష్టపూర్వకంగా, గ్రామసభ అంగీకారంతో జరగాలంటుంది. అదే ఏడాది అటవీ హక్కుల చట్టమూ వచ్చింది. చట్టం ఫ్రేములో మనమున్నాం. ఫోటో ఫ్రేములో లేము. యువత ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

పులి ఫోటో విషయం ఇంకా బరువైనది. 2020 నవంబరులో ఒకే నెలలో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు ఆదివాసీ యువతీయువకులు పులి దాడిలో చనిపోయారు. పులిని లెన్సులోంచి చూసేవాళ్ళకు అది జీవితంలో ఒక్కసారి దొరికే భాగ్యం. పత్తి ఏరేవాళ్ళకు, కట్టెలకు పోయేవాళ్ళకు అదే పులి రోజూ ఉండే భయం. ఈ రెండు చూపులూ నిజమే. ఒకటి గోడలకెక్కింది. రెండోది జిల్లా పేజీలో ఒక రోజు వార్తయి పోయింది.

రాబందుల గుట్ట

విమర్శ అంటే తప్పులెన్నడం మాత్రమే కాదు. ఫోటో మంచి చేసిన చోటు కూడా మన జిల్లాలోనే ఉంది. బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. ఆ నిటారు రాతి గోడ మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకున్నాయని 2013లో బయటి లోకానికి తెలిసింది. అప్పటికే దేశంలో రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. పశువులకు నొప్పి మందుగా ఇచ్చే డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా వాటిని చంపుతున్నదని 2004లో పరిశోధకులు తేల్చారు. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని దేశంలో నిషేధించారు. ఇటువంటి కాలంలో గుట్ట మీద గూళ్ళ ఫోటోలు సాక్ష్యంగా పనిచేశాయి. అధికారులు కదిలారు, కాపలా పెట్టారు, ఆ పనిలోకి స్థానిక యువకులను తీసుకున్నారు.

అందులో ఒక విషయం గమనించాలి. రాబందు ఫోటో చూసి "అందంగా ఉంది" అని ఎవరూ అనరు. ఆ ఫోటో అందం కోసం తీసింది కాదు, లెక్క కోసం తీసింది. ఎన్ని గూళ్ళు, ఎన్ని పిల్లలు, పోయిన ఏటికీ ఈ ఏటికీ తేడా ఎంత? అటువంటి ఫోటోకు ఊరితో పని ఉంటుంది, పశువులతో పని ఉంటుంది, పశువుల డాక్టరుతో పని ఉంటుంది. అది మనిషిని ఫ్రేములోంచి తోసేయలేదు. మనిషి లేకుండా దానికి అర్థమే లేదు.

మన తప్పులూ చెప్పుకోవాలి. గులేరు పట్టుకొని కుంటకు పోయే పిల్లలు మన గూడేల్లో ఉన్నారు. పందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్ళున్నారు. ఆ తీగకు ఏది తగిలినా చస్తుంది, ఒక్కోసారి మనిషీ చస్తాడు. పశువును పులి చంపితే ఆ కళేబరంలో విషం కలిపేవాళ్ళున్నారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో పులులు చనిపోయినప్పుడు విషం మాట గట్టిగా వినిపించింది. విషం పెట్టిన కళేబరం మీద రాబందు వాలితే అదీ పోతుంది. గోత్రానికొక జంతువును, పిట్టను, చెట్టును ముట్టరానిదిగా మన పెద్దలు ఎందుకు పెట్టారో మరిచిపోయి, "అడవి మాది" అని అంటే ఆ మాటకు బలం ఉండదు.

మార్లవాయి నుంచి ఒక పాఠం

మనల్ని ఫోటో తీసినవాళ్ళలో హైమన్‌డార్ఫ్ ఒకరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, నిజాం ప్రభుత్వ కాలంలో ఆయన ఈ ప్రాంతానికి వచ్చారు. మార్లవాయిలో ఉన్నారు. గోండుల గురించి పుస్తకాలు రాశారు. ఆయన, భార్య బెట్టీ కలిసి ఉన్న ఆ ఊళ్ళోనే వారి సమాధులు ఉన్నాయి. గోండు పిల్లలకు చదువు, గోండు ఉపాధ్యాయులకు శిక్షణ అక్కడి నుంచే మొదలయ్యాయి. మా వృత్తికి ఆ ఊరు తల్లిగారిల్లు లాంటిది. ఆయన ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఆ ఫోటోల్లో మనుషులున్నారు, ఇళ్ళున్నాయి, పశువులున్నాయి, పండుగలున్నాయి. వాటి వెనుక ఏళ్ళ తరబడి ఊళ్ళో ఉండటం ఉంది. ఒక ఉదయం వచ్చి పోయే చూపు కాదది. అయినా ఒక వెలితి ఉంది. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంది, మన చేతిలో లేదు. ఆ కాలంలో అది సాధ్యం కాలేదు. ఇప్పుడు ప్రతి గూడెంలో పది సెల్ ఫోన్లున్నాయి. ఇప్పుడు కూడా మన బొమ్మను ఇంకొకరే తీయాలని ఎదురు చూస్తే తప్పు ఎవరిది?

బడిలో ఏం చేయొచ్చు

తోటి ఉపాధ్యాయులకు మేము చేసి చూసిన ఒక పని చెబుతాము. ఏదైనా ఒక పిట్ట ఫోటోను గోడకు పెట్టి పిల్లలను ఐదు ప్రశ్నలు అడగండి. తీసినవాళ్ళు ఎక్కడ నిలబడి ఉంటారు? పిట్ట నిమ్మళంగా ఉందా, బెదిరి ఉందా? ఇది ఏ కాలం, నీళ్ళు ఎంతున్నాయి? ఫోటో అంచు దాటితే ఏముంటుంది? ఈ పిట్టను మీ ఇంట్లో ఏమంటారు? ఐదో ప్రశ్నకు ఒక్కో తరగతిలో గోండి, కోలామి, లంబాడీ, తెలుగు పేర్లు కలిసి వస్తాయి. బోర్డు నిండిపోతుంది. ఆ పేర్లను నోటుబుక్కులో రాయించండి. తాతలు, అవ్వలు పోతే ఆ పేర్లు కూడా పోతాయి.

లెక్కించడానికి కెమెరా అవసరం లేదు. ప్రతి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కిస్తారు. మన కుంట దగ్గర మన పిల్లలు ఏటా ఒకే రోజున ఒకే చోట నిలబడి లెక్క రాస్తే, పదేళ్ళకు ఆ బుక్కు ఏ క్యాలెండర్ కంటే విలువైనదవుతుంది. రేపు ఎవరైనా వచ్చి "మీవల్ల పక్షులు తగ్గాయి" అంటే ఆ బుక్కు మాట్లాడుతుంది. తగ్గింది నిజమే అయితే ఎప్పటి నుంచి, ఎందుకు అన్నది కూడా అదే చెబుతుంది.

పట్నం నుంచి వచ్చే ఫోటోగ్రాఫర్ మిత్రులకు ఒక్క మనవి. గూటి చోటు దాచండి, అది న్యాయం. కానీ కుంట పేరు, ఊరి పేరు రాయండి. పిట్టను చూపించినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు కూడా రాయండి. అప్పుడప్పుడు లెన్సు మార్చి, వెనకున్న లోకాన్ని కూడా స్పష్టంగా తీయండి.

చివరగా ఆ ఎనిమిదో తరగతి పిల్లల సంగతి. తర్వాతి నెలలో మేము వాళ్ళకు ఒక పని ఇచ్చాము. ఇంట్లో ఉన్న ఫోనుతో ఒక పిట్ట ఫోటో తీసుకు రమ్మన్నాము. చాలా ఫోటోలు మసకగా వచ్చాయి. ఒక అమ్మాయి తెచ్చిన దాంట్లో కుంట గట్టు మీద వాళ్ళ అవ్వ బర్రెలను తోలుకొస్తున్నది. ఒక బర్రె వీపు మీద తెల్లగా ఒక చుక్క. పెద్దది చేసి చూస్తే పశువుల కొంగ. బర్రె నడిచినప్పుడు గడ్డిలోంచి లేచే పురుగులను తినడానికి అది వెంట తిరుగుతుంది. బర్రె లేని చోట ఆ కొంగకు పని తక్కువ. బర్రె ఉందంటే తోలేవాళ్ళూ ఉంటారు.

"పిట్ట చిన్నగ వచ్చింది సార్" అని ఆ అమ్మాయి సిగ్గుపడింది. పోయినసారి ఫ్రేములోంచి జరిగిన పిల్లవాడు ఫోనును చాలాసేపు చూసి, "మంచిగనే ఉంది, అందరూ పడ్డరు" అన్నాడు. మేము ఆ ఫోటోను అచ్చు తీయించి తరగతి గోడ మీద క్యాలెండర్ పక్కన పెట్టాము. కింద ఊరి పేరు, కుంట పేరు, అవ్వ పేరు, తీసిన అమ్మాయి పేరు రాశాము. కొంగకు నాలుగు భాషల్లో నాలుగు పేర్లు రాశాము.